ఎనిమిది బి, గ్రౌండు పీరియడ్

జూన్ 16, 2025, సోమవారం. మైలాపూర్

ఆఫీసు గది పక్కన కొత్త బోర్డు పెట్టారు. చక్కెర బోర్డు. మే నెలలో సీబీఎస్‌ఈ సర్క్యులర్ వచ్చిందిగా, అందుకు. సీసా బొమ్మ, పక్కన చెంచాల బొమ్మలు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు, ఏడెనిమిది చెంచాల చక్కెర. ఆరో తరగతి పిల్లలు గుంపు కట్టి వేళ్ళు మడుస్తున్నారు. "ఒక్క బాటిల్లోనే ఇంతా మిస్?"

అవున్రా, ఒక్క బాటిల్లోనే.

అక్కడే కిటికీలోంచి చూస్తే గేటు అవతల బేకరీ. ఎగ్ పఫ్‌లు, క్రీమ్ బన్నులు, చల్లటి సీసాలు. బడి గేటుకు 50 మీటర్ల లోపల ఇలాంటివి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే రూలు పెట్టింది. ఆ 50 మీటర్లు ఎవరైనా కొలిచారా?

జూన్ 19, గురువారం

టైంటేబుల్ వచ్చింది. ఎనిమిది బికి వారానికి ఒక్కటే గ్రౌండు పీరియడ్. గురువారం ఆరోది, నలభై నిమిషాలు. మెట్లు దిగి, వరుస కట్టి, బూటు లేసులు ముడేసుకునేసరికి పది నిమిషాలు పోతాయి. తొమ్మిది, పది తరగతుల గళ్ళలో నా పేరే లేదు.

లెక్కల మిస్ అప్పుడే అడిగింది, "పోర్షన్ మిగిలితే మీ పీరియడ్ ఇస్తారు కదా?" అని.

జవాబు చెప్పకుండా వచ్చేశాను.

జూన్ 25, బుధవారం

కొలతల రోజు. ఎత్తు, బరువు, నడుము. స్టాఫ్ రూమ్ మూలన తెర కట్టించి ఒక్కొక్కరినే లోపలికి పిలిచాను. అంకె పైకి చదవను. రాసి కాగితం బోర్లా పెడతాను. ఈ పద్ధతి మాత్రం ఎవరేమన్నా మార్చను.

చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి, "ఊపిరి వదులు" అనాలి. వదలరు. పొట్ట లోపలికి లాక్కుంటారు. మగపిల్లలు కూడా. పన్నెండు పదమూడేళ్ళకే ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒక పిల్ల. రెండు జడలు, బొద్దుగా ఉంటుంది. బరువు చూసే మిషన్ ఎక్కే ముందు బూట్లు విప్పింది. సాక్సులు విప్పింది. గడియారం తీసి నా చేతికిచ్చింది. తర్వాత ఒక్క క్షణం ఆగి జడల రిబ్బన్లు కూడా విప్పింది. అవి మడిచి గడియారం మీద పెట్టింది.

నేనేమీ అనలేదు. రిబ్బన్లు నేనే మళ్ళీ కట్టి పంపించాను.

జూన్ 29, ఆదివారం

అక్క ఇంట్లో భోజనం. అమ్మ ముద్దపప్పు, దోసకాయ పచ్చడి చేసింది. నెల్లూరు చెయ్యి, నెయ్యి గరిటతోనే. "వీడు చూడవే, పుల్లలా ఉన్నాడు, ఇంకో ముద్ద" అంటూ అక్క కొడుకు చిన్నాడి కంచంలో వేస్తూనే ఉంది. వాడు ఫోన్ వైపు చూస్తూ తింటూనే ఉన్నాడు.

చేతులు సన్నం. కాళ్ళు సన్నం. చొక్కా కింద పొట్ట మాత్రం...

చెయ్యి కడుక్కోడానికి వంగినప్పుడు మెడ వెనక కనపడింది. నల్లగా, కాస్త మందంగా, చార. "ఎంత రుద్దినా ఆ మట్టి పోవట్లేదే" అంది అక్క. సున్నిపిండి పెట్టి చూసిందట, స్క్రబ్బర్ కూడా కొన్నదట.

అది మట్టి కాదక్కా. షుగర్ రాబోతోందేమోనన్న గుర్తు. కానీ అన్నం ముందు ఆ మాట ఎలా అంటాను?

జూలై 3, గురువారం రాత్రి

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళ వ్యాసం మళ్ళీ తీసి చదివాను. 2014లో అచ్చయింది. ఊరు మనదే, చెన్నై. 51 బడులు, దాదాపు 19 వేల మంది పిల్లలు. ఎక్కువ బరువు, ఊబకాయం కలిపి ప్రైవేటు బడుల్లో 21.4 శాతం. ప్రభుత్వ బడుల్లో 3.6.

ఒకే ఎండ, ఒకే సముద్రపు గాలి, ఒకే సాంబారు. ఇంత తేడా!

వ్యాను, లిఫ్టు, ట్యూషను, పాకెట్ మనీ. ఇంత ఫీజు కట్టి పిల్లలకు మనం కొనిపెడుతున్నది ఇదా?

జూలై 6, ఆదివారం

చిన్నాణ్ణి కొలిచాను. ఆటలా చేసి, గోడకు నిలబెట్టి, పెన్సిల్ గీత గీసి. ఎత్తు 150. బరువు 43. పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇచ్చిన చార్టులో పెట్టి చూస్తే ఎక్కువ బరువు గీత దాటలేదు. చార్టు చూసేవాళ్ళెవరైనా సరే అని పంపించేస్తారు.

నడుము 76. ఎత్తులో సగం 75, అది దాటకూడదు.

అక్కకు చెప్పాను. "నా బిడ్డ ఎముకల గూడులా ఉంటే వాడికి కొవ్వంటావా? నీ పీటీ పిచ్చి నీ బళ్ళో చూపించుకో" అంది. బావ పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన నాన్నగారికి నలభై దాటకుండానే షుగర్. కాలి వేళ్ళు తీసేసినప్పుడు ఆసుపత్రిలో నేనూ ఉన్నాను. ఆయనకు గుర్తులేదా? గుర్తుండే మాట్లాడలేదా?

జూలై 10, గురువారం

ఆరో పీరియడ్. పిల్లలు మెట్ల దాకా వచ్చారు. అక్కడే ఆపేశారు. స్లిప్ టెస్ట్.

బంతుల సంచి మళ్ళీ గదిలో పెట్టి తాళం వేశాను.

జూలై 15, మంగళవారం

రాత్రి అక్క ఫోన్. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెక్కిళ్ళు వినపడుతున్నాయి. బావే తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడట. మూడు నెలల షుగర్ టెస్ట్ 5.9. బోర్డర్ అన్నాడట డాక్టరు. పన్నెండేళ్ళ పిల్లాడికి!

"వాడు లావు లేడు కదే" అనే మాటే పదిసార్లు అంది.

పుణె డాక్టరు యాజ్ఞిక్ గారి ఫోటో ఉంది. 2004లో లాన్సెట్‌లో వేశారు. ఆయన, ఆయన స్నేహితుడైన ఇంగ్లీషు డాక్టరు యుడ్కిన్, పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ 22.3, ఒక్కటే అంకె. దొర ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2. చూస్తే ఇద్దరూ సన్నమే. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్నీ కొలిచింది యాజ్ఞిక్ గారి బృందం. ఇంగ్లండు పిల్లల కంటే ముప్పాతిక కిలో పైన తక్కువ బరువు. తగ్గింది ఎక్కువగా కండ. కొవ్వు పెద్దగా తగ్గలేదు.

చిన్నాడు పుట్టినప్పుడు 2 కిలోల 400. అద్దాల పెట్టెలో పెట్టక్కర్లేదన్నారని అమ్మ కపాలీశ్వరుడి గుడిలో కొబ్బరికాయ కొట్టింది. ఆ రోజు నుంచీ వాణ్ణి లావు చెయ్యడమే ఇంటిల్లిపాదికీ పని. నెయ్యి, బూస్టు, పాలకోవా... ప్రేమతోనే అంతా.

అక్కతో ఇదంతా చెప్పలేదు. "శనివారం వాణ్ణి నా దగ్గరికి పంపు" అన్నాను.

జూలై 24, గురువారం

ఇవాళ పీరియడ్ దక్కింది. త్రోబాల్.

రెండు జడల పిల్లను వెనక వరుసలో నిలబెట్టాను. బంతి భుజం పైనుంచి ఒక్క విసురు. నెట్ దాటి అవతలి చివరి గీత మీద పడింది. ఎవరూ ఊహించలేదు, ఆ పిల్లతో సహా. నందనం వైఎంసీఏలో చదివేటప్పుడు మా కోచ్ అలాంటి విసురు చూస్తే మొత్తం ఆట ఆపి చప్పట్లు కొట్టించేవారు. నేనూ కొట్టించాను.

అవతల వైపు నుంచి ఒకడు "గుండమ్మా" అన్నాడు. ఆ మాట నా గ్రౌండులో వినపడకూడదని అందరి ముందూ చెప్పాను. గట్టిగానే. గొంతు వణికింది కోపంతో.

ఆగస్టు 2, శనివారం

ఉదయం ఆరింటికి చిన్నాడు వచ్చాడు, నిద్ర కళ్ళతో. నాగేశ్వరరావు పార్కుకు తీసుకెళ్ళాను. పంతులుగారి పేరు చెప్పాను, అమృతాంజనం కథ చెప్పాను, విన్నాడు. ఒక చుట్టు తిరిగాక ఆగిపోయాడు. "పిన్నీ, ఇక్కడందరూ తాతయ్యలే."

నిజమే. నడక పెద్దవాళ్ళకు డాక్టరు రాసిచ్చే మందు. పన్నెండేళ్ళవాడికి కావలసింది ఆట. రేపటి నుంచి పార్కు వద్దు. మెరీనా.

ఆగస్టు 10, ఆదివారం

లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో జాలరి కుప్పం పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. వీణ్ణీ రమ్మన్నారు. ముందు నా వెనక నక్కాడు. తర్వాత వెళ్ళాడు. పడ్డాడు, లేచాడు, మోచెయ్యి గీరుకుంది. తడి ఇసుకలో రెండడుగులు పరిగెత్తితే రోడ్డు మీద పదడుగుల ఆయాసం. అరగంట తర్వాత చూస్తే వాడి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"వచ్చే వారం కూడా వస్తారా వీళ్ళు?"

వాళ్ళ ఇల్లే అదిరా.

ఆగస్టు 26, మంగళవారం

ఉదయపు టిఫిన్ పథకం ఇవాళ్టి నుంచి పట్టణాల్లోని ఎయిడెడ్ బడులకు కూడా. ముఖ్యమంత్రి ఇక్కడికే, మైలాపూర్ బడికే వచ్చారు. వీధంతా పోలీసులు, అరటిచెట్లు, మైకులు. ఉప్మా, పొంగలి, కిచిడి, సాంబారు. పిల్లలు వరుసలో కూర్చుని తింటుంటే టీవీలో చూశాను.

త్యాగరాయ చెట్టిగారు గుర్తొచ్చారు. మన తెలుగువాడే. 1920లో ఆయన కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానం చేశారు. పిల్లాడికి రోజుకు ఒక అణా మించకుండా. అదే ఏడు, అదే మద్రాసులో, హ్యారీ బక్ వైఎంసీఏ వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. పిల్లలకు తిండి, పిల్లలకు ఆట. నూరేళ్ళ కిందట ఈ ఊరికి రెండూ ఒకేసారి తట్టాయి. తిండి సంగతి ప్రభుత్వాలు ఒకదాని వెనక ఒకటి పట్టించుకున్నాయి. కామరాజ్, ఎంజీఆర్, ఇప్పుడు ఇది. ఆట సంగతి ఎవరు పట్టించుకున్నారు?

మా పిల్లలు సగం మంది పొద్దున ఏమీ తినకుండా వ్యానెక్కుతారు. పదిన్నర బెల్లుకు చిప్స్ పాకెట్ చింపుతారు. వేడి వేడి పొంగలి తినే ఆ ఎయిడెడ్ బడి పిల్లాడే ఈ విషయంలో అదృష్టవంతుడు. ఈ మాట మా పేరెంట్స్ మీటింగులో అంటే ఒప్పుకుంటారా?

సెప్టెంబరు 11, గురువారం

యునిసెఫ్ నివేదిక. ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో తక్కువ బరువు వాళ్ళ కంటే ఊబకాయం ఉన్నవాళ్ళు ఎక్కువయ్యారు. 9.2 శాతం, 9.4 శాతం. ఇదే మొదటిసారి. ఇంకా అలా మారనివి రెండే చోట్లు: సహారా కింది ఆఫ్రికా, మన దక్షిణాసియా.

స్టాఫ్ రూములో ఒకాయన "చూశారా, మనం సేఫ్" అన్నారు.

సేఫ్ ఏమిటి? మన దగ్గర రెండూ ఒకే వీధిలో ఉన్నాయి. చిన్నాడిలో అయితే రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి. కండ చాలదు, కొవ్వు ఎక్కువ. ఏ లెక్కలో రాస్తారు వాణ్ణి?

సెప్టెంబరు 22, సోమవారం

కొత్త జీఎస్టీ ఇవాళ్టి నుంచి. కూల్‌డ్రింకుల మీద 40 శాతం. బాగుంది. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్, నూడుల్స్, మిక్చర్ పాకెట్లు, అన్నీ 5 శాతానికి దిగాయి. గేటు ముందు బేకరీ అద్దానికి అప్పుడే కాగితం అంటించారు, ధరలు తగ్గించామని. బెల్లు కొట్టగానే రోజూకంటే ఎక్కువ గుంపు.

దీనికి సంతోషించలేను.

సెప్టెంబరు 25, గురువారం

రెండు జడల పిల్ల కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, ఆట మొదలైన కాసేపటికే. నీళ్ళిచ్చి నీడలో కూర్చోబెట్టాను. డబ్బా తెరిపించాను. నాలుగు కీరా ముక్కలు. పొద్దున ఏం తిన్నావంటే మౌనం. రాత్రి? మౌనం. ఎన్నాళ్ళుగా? తల వంచుకుంది. అమ్మ కట్టిచ్చే పులిహోర, చపాతీ వ్యానులో పక్కపిల్లకు పెట్టేస్తోందట.

వాళ్ళమ్మకు ఫోన్ చేశాను, సాయంత్రం వచ్చింది. గడపలోనే "ఎంత చెప్పినా తగ్గదు మిస్, దీనికి పెళ్ళెలా చేస్తామో" అంటూ మొదలుపెట్టింది, పిల్ల పక్కనుండగానే. పిల్లను బయట బెంచీ మీద కూర్చోమన్నాను. అప్పుడు తలుపేసి కాగితం తీశాను. బరువు గీత దాటింది, నిజం. కానీ ఎత్తు 158, నడుము 78. సగం లోపలే. చేతిలో కండ ఉంది, ఊపిరి ఉంది. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి, కానీ అన్నం మాన్పించొద్దు, తిట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు అన్నాను.

ఆమె చాలాసేపు కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. "నన్నూ మా అమ్మ ఇలాగే అనేది మిస్" అంది చివరికి.

2002లో అచ్చయిన వ్యాసం కోసం షుగర్ డాక్టరు రామచంద్రన్ గారి బృందం ఈ ఊళ్ళోనే 13 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని చూసింది. అబ్బాయిల్లో 17.8 శాతం, అమ్మాయిల్లో 15.8 శాతం ఎక్కువ బరువు. ఆ పిల్లలే ఇప్పుడు మా పేరెంట్స్. ఇవాళ నా ముందు కూర్చున్నది ఆ అమ్మాయిల్లో ఒకతేనేమో.

అక్టోబరు 3, శుక్రవారం

రక్తపరీక్ష అంతా మామూలేనని వాళ్ళమ్మ మెసేజ్. కింద ఇంకో వాక్యం: "ఇవాళ రెండు దోసెలు తింది మిస్."

అక్టోబరు 8, బుధవారం

త్రోబాల్ జట్టుకు ఎంపికలు. ఆ పిల్లకు రాలేదు. కాళ్ళ వేగం చాలలేదు, చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "పొద్దున ప్రాక్టీసుకు రావచ్చా మిస్, జట్టులో లేకపోయినా?" అని అడిగింది.

రావచ్చు. ఏడుంబావుకు.

అక్టోబరు 21, మంగళవారం

దీపావళి మర్నాడు. అక్క ఇంటి నిండా స్వీటు పెట్టెలు. ఎవరెవరో ఇచ్చినవి. అక్క ఒకటి విప్పి తలో ముక్క పెట్టి మిగతావి పనమ్మాయికీ వాచ్‌మన్‌కూ... వాళ్ళ పిల్లల సంగతేంటి అని నాకు గుచ్చుకుంది. అడగలేదు.

అమ్మ చిన్నాడికి వడ్డిస్తూ నెయ్యి గరిట పక్కన పెట్టి చెంచా తెమ్మంది. పప్పు మాత్రం ఇంకో గరిట వేసింది. గుడ్డు కూడా ఉడకబెట్టింది, పండగ వెళ్ళిన మర్నాడే, ఆ వంటింట్లోనే! నేను తలెత్తి చూస్తే "ఏంటి చూపు, తిను" అంది.

అక్టోబరు 30, గురువారం

వాన. గ్రౌండు చెరువైంది. ఆరో పీరియడ్ క్లాసులోనే కూర్చోబెట్టమన్నారు. కుదరదన్నాను. రెండో అంతస్తు వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడించాను. మగపిల్లలు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత వాళ్ళనే ఆపలేకపోయాను. కింది క్లాసు నుంచి చప్పుడు అని కంప్లైంట్.

రాసుకోనివ్వు.

నవంబరు 6, గురువారం

ప్రిన్సిపల్ మేడమ్ గదిలో. పేర్లు లేని కాగితం ముందు పెట్టాను. ఎనిమిది బి, 38 మంది. నడుము ఎత్తులో సగం దాటినవాళ్ళు 11. ఆ 11 మందిలో నలుగురు చూడ్డానికి సన్నగా ఉన్న పిల్లలు. ఆవిడ ఆ "నలుగురు" దగ్గర ఆగారు. "వీళ్ళెవరు?" అన్నారు. పేర్లు చెప్పనన్నాను.

రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మనం వారానికి నలభై నిమిషాలిచ్చి అందులోనూ స్లిప్ టెస్ట్ పెడుతున్నాం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా రోజూ ఒక పీరియడ్ ఆటకివ్వమని సీబీఎస్‌ఈ 2018లోనే చెప్పింది. ఆ కాగితం కూడా పెట్టాను.

"రిజల్ట్స్ అడుగుతారమ్మా పేరెంట్స్" అన్నారు.

నడుము కొలత కూడా రిజల్టే మేడమ్. పదేళ్ళ తర్వాత వస్తుంది.

చూద్దామన్నారు.

నవంబరు 20, గురువారం

చిన్నాడి టెస్ట్ 5.6. నడుము 74, ఎత్తు 152. మెడ మీద నలుపు అలాగే ఉంది. దానికి ఇంకా టైం పడుతుంది, వాడికి చెప్పాను. "ఉంటే ఉండనీ పిన్నీ" అన్నాడు. మోకాలి మీద కొత్త దెబ్బ. కూత పెట్టి వెళ్ళి ముగ్గుర్ని అవుట్ చేశాడట, అది చెప్పడానికే ఫోన్ చేశాడు.

అక్క స్క్రబ్బర్ పారేసింది.

నవంబరు 24, సోమవారం

కొత్త టైంటేబుల్ నోటీసు బోర్డు మీద. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వారానికి మూడు గ్రౌండు పీరియడ్లు. వాటిని వేరే సబ్జెక్టుకు వాడకూడదని కింద మేడమ్ సంతకం. ఎనిమిది బి పిల్లలు బోర్డు ముందు అరిచిన అరుపుకు ఆఫీసు నుంచి గుమస్తా బయటికొచ్చాడు.

తొమ్మిది, పది తరగతులకు ఇప్పటికీ ఒక్క పీరియడూ లేదు. జనవరిలో పేరెంట్స్ మీటింగు. అక్కడ నేనే లేచి అడుగుతాను.